అత్త ముట్టని కొత్త పంట

మా అత్త ఏటా ఒకసారి, వానలు వెనకబట్టిన తరువాత, నేను చదువుకునే ఆశ్రమ పాఠశాలకు వచ్చేది. పలకరించడానికి వచ్చిందని తోటి పిల్లలు అనుకునేవారు. నిజానికి ఆమె నేను మింగడం చూడడానికి వచ్చేది. కొండమీది మా ఊరి నుంచి రోడ్డు దాకా నడిచి, అరకు సంతకు పోయే జీపులో వెనకాల నిలబడి ప్రయాణం చేసి, గేటు దగ్గర దిగి, నన్ను వంటశాల వెనుక కుళాయి గట్టుమీద కూర్చోబెట్టేది. కొంగు ముడి విప్పి, ఎండబెట్టిన సామ అన్నం పలుకులు కొన్ని నా అరచేతిలో పోసేది. అవి పంటికింద ఇసుకలా కరకరలాడేవి. ఆమె తొందరపెట్టేది కాదు. నా గొంతునే చూస్తూ కూర్చునేది.

“తినీసినావా?”

“తినీసినాను.”

“నాలిక ఎత్తు.”

ఎత్తి చూపేదాన్ని.

“ఇంక నానెల్లి తింతాను. ఆకలేస్తంది” అని లేచేది.

ఒకసారి వార్డెన్ మేడమ్ అది చూసి, “పిల్లకు మందేమైనా పెడుతున్నావా?” అని అడిగింది.

“మందే మేడమ్మా. సదువుకున్నాక ఇల్లు మరిసిపోకుండా మందు. నీకూ కొంచెం ఎట్టమంతావేటి?” అంది అత్త, నవ్వు బయటపడనీయకుండా.

ఆ పలుకుల సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉంది. మా కొండల్లో ఏ పంటనూ చేతికి రాగానే తినరు. మామిడికి, సామకు, చిక్కుడుకు, వేటికి వాటికి ‘కొత్త’ అనే పండుగ ఉంది. ఊరి పూజారి రోజు పెడతాడు. ఆ రోజు ప్రతి ఇంటా లోపలి గదిలో, కొత్త కుండలో, కొత్త పంట వండుతారు. ముందు పెద్దలకు, అంటే ఆ ఇంట్లో చనిపోయినవారికి, అడ్డాకులో పెడతారు. ఆ తరువాతే బతికి ఉన్నవారు తినాలి. అంతకుముందు ఒక్క గింజ నోట వేసుకున్నా తప్పే. ఆ తప్పు జ్వరంగానో, పులిగానో ఇంటిమీదికి వస్తుందని నమ్మకం.

మా ఇంటి లోపలి గదికి కిటికీ లేదు. ఒక మూల పొయ్యి, ఎదుటి మూల ధాన్యపు గాదె, రెండింటి మధ్య పెద్దలు నిలిచి ఉండే గుంజ. ఆ గదిలో కొత్త వండవలసింది ఇంట పుట్టిన ఆడది. పెళ్లి చేసుకుని వెళ్లిన ఆడపిల్ల వేరొక ఇంటి పెద్దలకు చెందిపోతుంది కనుక మళ్లీ ఆ గడప దాటదు. ఇంట పుట్టినది లేనప్పుడే కోడలికి ఆ పని వస్తుంది, అదీ పూజారి అనుమతితో. అత్త పెళ్లి చేసుకోలేదు. కాబట్టి ఆ గది ఆమెకు పుట్టుకతో వచ్చినది, చచ్చేదాకా ఉండవలసినది. రాత్రి పడుకోవడం కూడా గాదె పక్కనే.

ఆమెను అడగడానికి ఎవరూ రాకపోలేదు. మా వైపు పిల్లవాడి తరఫువారే ఓలి ఇచ్చి పిల్లను తీసుకుపోతారు. గట్టిగా పనిచేసే ఆడపిల్లకు అడిగేవారు కరువు కారు. మామ్మ చిన్న వయసులోనే పోవడంతో తమ్ముళ్లిద్దరినీ, అంటే మా నాన్నను, చిన్నాన్నను, అత్తే పెంచింది. వాళ్లు ఇంటివాళ్లయ్యాక కూడా ఎవరో ఒకరు కల్లుకుండతో వచ్చి అరుగుమీద కూర్చునేవారట. ఎందుకు ఒప్పుకోలేదని నేను అడిగినప్పుడల్లా జవాబు మారేది. “ఆ ఊళ్లో నీల్లు దూరం.” “ఆడు గురకెడతాడట, పక్కూరోల్లు కూడా పడుకోలేరట.” “మీ అయ్యకి సొక్కా గుండీలెట్టుకోడం రాదు, నానెలాగెల్తాను?” మా నాన్న అప్పటికి ముగ్గురు పిల్లల తండ్రి.

వాకిలికి ఇటు మా ఇల్లు, అటు చిన్నాన్న ఇల్లు, వెనుక తాత తమ్ముడి పిల్లల ఇళ్లు. అన్ని ఇళ్ల పురుళ్లూ ఆమె చేతిమీదే జరిగాయి. ఎవరి కాఫీ పండు కోతకు వచ్చిందో, ఏ పిల్లకు కారం పడదో, ఏ కోడలు పుట్టింటిమీద బెంగతో ఉందో ఆమెకు తెలిసి ఉండేది. కొత్త నాడు మాత్రం ఆమెకు సొంత నియమం ఒకటి ఉండేది. ఊరి ఆచారంలో అది లేదు. వండిన చేయి తనది కనుక ఇంటివారందరూ తిన్న తరువాతే తాను తినాలి. దూరాన ఉన్నవారి కోసం పెద్దలకు పెట్టిన అన్నంలోంచి కొంత తీసి, ఎండబెట్టి, ఉన్నచోటికే పట్టుకెళ్లి తినిపించి వచ్చేది. అప్పటిదాకా ఆ పంట ముట్టేది కాదు. మిగతా కొత్తలు నా సెలవుల్లో పడేవి కనుక నా దగ్గరికి సామకు ఒక్కసారే వచ్చేది. ఒకటి రెండు రోజుల ఆలస్యమే కనుక ఎవరూ పట్టించుకోలేదు.

తొంభైల చివర చిన్నాన్న కూతురికి జ్వరం ముదిరి ఒళ్లు తెలియని స్థితి వచ్చింది. రోడ్డు పక్క ఊరిలోని చర్చి సంఘంవారు డోలీ కట్టి, వానలో, జీపు దొరికే దాకా ఆ పిల్లను మోశారు. ఆసుపత్రిలో ఆమె మంచం పక్కనే కూర్చుని ప్రార్థన చేశారు. పిల్ల బతికింది. ఆరు నెలలు తిరగకముందే చిన్నాన్న, పిన్ని బాప్తిస్మం తీసుకున్నారు. దీనిమీద మా ఇంట్లో గొడవేమీ జరగలేదు. “ఆడి పిల్లని మోసినోల్లు ఆల్లు. ఆడి ఇష్టం” అన్నాడు నాన్న. “ఆ దేవుడికి నా దండం కూడా సెప్పరా” అంది అత్త.

ఆ ఏడు సామ కొత్త నాడు ఆమె ఎప్పటిలాగే ఆకులో అన్నం పెట్టుకుని వాకిలి దాటి చిన్నాన్న ఇంటికి వెళ్లింది. నేను పదో తరగతి పూర్తిచేసి ఇంటర్‌లో చేరిన సంవత్సరం అది. సెలవులకు వచ్చి ఉన్నాను. చిన్నాన్న లేచి నిలబడ్డాడు గాని చేయి చాపలేదు.

“అప్పా, ఇది నాను తినకూడదు” అన్నాడు అక్కతో.

“ఏం, కడుపు బాగోలేదేటి?”

“పెద్దలకెట్టింది తినకూడదు. మా వాక్యంలో ఉంది.”

“పెద్దలంటే ఎవులురా? మీ అమ్మ. కన్నతల్లికెట్టింది తినొద్దని రాసినారేటి?”

చిన్నాన్న తల దించుకున్నాడు. “ఎట్టకముందు ఇయ్యి అప్పా. కళ్లంలోనే ఇయ్యి. సంతోసంగా తింతాను” అన్నాడు.

“సచ్చిపోయినోల్లకంటే ముందు నీకెడితే ఆల్లు నీమీదకే వత్తారు. ఇప్పుడే గదరా నీ గుంట లేచి తిరగతంది” అంది అత్త. ఆమె గొంతులో ఉన్నది కోపం కాదు, భయం.

ఇద్దరూ అబద్ధం ఆడేవారు కారు. ఇద్దరి మధ్య ఉన్న తేడా ఒక్క వరుసక్రమానికి సంబంధించినది: పెట్టకముందు అయితే అతను తినగలడు, ఆమె ఇవ్వలేదు, పెట్టిన తరువాత అయితే ఆమె ఇవ్వగలదు, అతను తినలేడు. ఆ రెండు క్షణాల మధ్య మూడోది లేదు. అత్త ఆకును వెనక్కి తెచ్చి, అన్నాన్ని చేటలో ఎండబెట్టి, గాదెమీద పెట్టింది. తాను రేషన్ డిపో బియ్యం వండుకుని తిన్నది.

అది ఒకటి రెండు రోజుల్లో తీరలేదు. సామలు ఆమెకు నిషిద్ధమయ్యాయి. తరువాత చిక్కుడు కొత్త వచ్చింది. చిన్నాన్న తినలేదు, చిక్కుళ్లూ నిషిద్ధమయ్యాయి. కందులు, ఆ తరువాత మామిడి. పాతగింజ ఉన్నంతకాలం చోడి అంబలి, అంటే రాగి జావ, తాగింది. అది అయిపోయాక కొత్త చోళ్లు గాదెలో ఉండగానే డిపో బియ్యం, చింతపండు చారు, అడవిలో దొరికే ఆకు. మా పొలంలో పండినవన్నీ ఆమె కలుపు తీసి, కోసి, నూర్చి, దంచి, వండి, మాకు వడ్డించింది. నోట మాత్రం వేసుకోలేదు.

నాన్న కొన్నాళ్లు నవ్వాడు, కొన్నాళ్లు బతిమాలాడు, తరువాత అరిచాడు. “ఆడు తినకపోతే నీ కడుపెందుకు మాడ్సుకుంతావు?”

“నాను మాడ్సుకోడంనేదు. ఆగుతన్నాను.”

“ఎన్నాల్లు?”

“ఆడు తినీదాకా.”

“ఆడు తిన్డు.”

“అయితే మరి ఆగుతాను.”

ఆమె దానిని పంతంగా ఎన్నడూ ప్రదర్శించలేదు. చిన్నాన్న ముందు ఆ మాటే ఎత్తేది కాదు. అదే అతనికి ఎక్కువ బాధ కలిగించింది. ఆమె ఎదురుపడినప్పుడల్లా అతను గొడ్డలి పదును చూస్తున్నట్టు నటించేవాడు.

మరుసటి ఏడు నేను ఇంటర్ ఆపి ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణలో చేరాను. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు అత్తను చూసిన చూపు వేరు. అప్పటికి నాకు చూడవలసిన చోట్లు తెలుసు. కింది కనురెప్ప లోపలి భాగం దాదాపు తెల్లగా ఉంది. గోళ్లు పలచబడి మధ్యలో గుంట పడ్డాయి. కాఫీ తోట గట్టు ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగి, మొక్కలు చూస్తున్నట్టు నిలబడింది. ఆరోగ్య ఉపకేంద్రం నర్సును అడిగి హిమోగ్లోబిన్ చూసే పెట్టె తెచ్చాను. అది పాత పద్ధతి: గొట్టంలో ఆమ్లం వేసి, రక్తం కలిపి, పక్కనున్న గాజుకడ్డీ రంగుకు సరిపోయే దాకా నీటిచుక్కలు కలుపుతూ పోవాలి. ఆమె వేలు గుచ్చితే రక్తం పలచగా జారింది.

“నా రకతంతో అచ్చరాలు దిద్దుకుంతన్నావేటి గుంటా?”

నాలుగైదు చుక్కలకే రంగు సరిపోయింది. పన్నెండు ఉండవలసిన అంకె ఏడు దగ్గర ఆగింది. కారణం తిండి ఒక్కటే అని నేను చెప్పలేను. ప్రతి వానాకాలం వచ్చే మలేరియా కూడా రక్తాన్ని తినేస్తుంది. కానీ తిండి మారకుండా మాత్రలతో అది పైకి రాదని మాత్రం చెప్పగలను. వాకిట్లో నిలబడి రెండు ఇళ్లకూ వినపడేటట్టు చెప్పాను. పిన్ని ఏడ్చింది. చిన్నాన్న ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

పెద్దలకు పెట్టింది తమ్ముడు ఇక తినడని అత్తకు తెలిసిపోయింది. అయినా ఆమె చూపు వాకిలి అవతలి ఇంటిమీదే ఉండేది. అలా చూస్తుండగానే ఒక విషయం కనిపెట్టింది. చిన్నాన్న చేనులో సామ కోత అయిపోయి వారం దాటింది. అయినా పిన్ని రోలు దగ్గర కొత్త సామ పొట్టు లేదు.

“మరదలా, కొత్తగింజ ఇంకా దంచలేదేటి?”

“ఆదివారం దాకా ముట్టం వదినా. ముందు గుడిలో ఎట్టాల. అయ్యగారు పార్దన సేత్తారు. అప్పుడు తింతాం” అంది పిన్ని.

అత్త ఆ మాట విని రోలు అంచున కూర్చుంది. వాళ్లూ ఆగుతున్నారు. వాళ్లకూ ముందు పెట్టవలసినవారు ఒకరు ఉన్నారు. ఆ సాయంత్రం నాతో అన్నమాట ఇది: “ఆడి వరస ఆడికుంది గుంటా. నానే సూళ్లేదు.”

ఆదివారం ఆమె తల దువ్వుకుని, మా కళ్లంలోని సామలు బుట్టనిండా పోసుకుని, నన్ను తోడు తీసుకుని చర్చికి బయలుదేరింది. రేకుల కప్పు, మట్టి గోడలు, ముందు బల్ల. బల్ల ముందు గుమ్మడికాయలు, కంకులు, అల్లం, ఒక కట్టేసిన కోడి. అత్త బుట్టను వాటి పక్కన పెట్టి, ఆడవాళ్ల వరుసలో చాపమీద కూర్చుంది. చిన్నాన్న ఆమెను చూసి పాట మధ్యలో ఆపేశాడు. పాస్టరు నెమ్మదైన మనిషి; అన్ని బుట్టలతో పాటు ఆమె బుట్టమీద కూడా చేయి ఉంచి ప్రార్థించాడు. తరువాత కానుకలను వేలం వేశారు. అత్త బుట్టను చిన్నాన్నే పాడి, సగం ఆమెకే తిరిగి ఇచ్చాడు. మిగిలిన సగాన్ని పిన్ని పొయ్యిమీద అత్తే వండింది. చిన్నాన్న కూర్చుని తిన్నాడు. ఒక ముద్ద తిని, రెండో ముద్ద చేతిలో పట్టుకుని, గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. అక్క తన దారిలోకి వచ్చిందని అతను అనుకున్నాడు. అత్త తన పళ్లెం పెట్టుకోలేదు. మా ఇంటివారు ఇంకా తినవలసి ఉన్నారు.

పూజారి పెట్టిన రోజు మంగళవారం. అత్త లోపలి గది అలికి, కొత్త కుండ పెట్టి, చర్చి నుంచి తెచ్చిన ఆ సగం బుట్ట సామలే వండింది. గాదెలో వేరే సామలు ఉన్నాయి. కానీ ఆమెకు కావలసింది అవే: ఒకే చేను, ఒకే బుట్ట, ఒకే గింజ రెండు ఇళ్లలోనూ తినాలి. గుంజ దగ్గర పెద్దలకు పెట్టింది. మాకు పెట్టింది. అందరం తిన్నామని చూసుకుని, ఏడాది తరువాత మొదటిసారి తనకు ఆకు పరుచుకుంది. మొదటి ముద్ద మింగి, దాచుకోవలసిన విషయమని ఏ మాత్రం అనుకోకుండా, సంతోషంగా చెప్పేసింది.

“తమ్ముడూ, ఆడూ తిన్నాడు. ఇయ్యే గింజలు.”

నాన్న చేయి కడుక్కుంటున్నవాడు ఆగాడు. “ఎప్పుడు?”

“ఆదివారం.”

“పెద్దలు తినకముందా?”

“ఉత్తినే తిన్లేదు. ఆడి దేవుడికెట్టాకే తిన్నాడు.”

“మన అమ్మకి ఎంగిలెట్టినావు అప్పా” అన్నాడు నాన్న. ఆయన గొంతు పెరిగింది. వాకిలి అవతల చిన్నాన్న బయటికి వచ్చాడు. ప్రార్థన చేసిన గింజను అక్క గుంజ ముందు పెట్టిందన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. “నన్ను నవ్వులపాలు సేసినావు. సంఘానికి ఏటని సెప్పుకోను?” అన్నాడు. చాలా కాలం తరువాత అన్నదమ్ములిద్దరూ ఒకే వాకిట్లో ఒకే మనిషిమీద కోపంతో నిలబడ్డారు. అత్త వారి వైపు చూడలేదు. అరుపుల మధ్యనే ఆకులోని అన్నం మెతుకు మిగలకుండా తిని, ఆకు మడిచి, లేచింది.

పూజారి వచ్చి విని, దిద్దుబాటు చెప్పాడు. పసుపునీళ్లు, ఒక కోడి, గడప దగ్గర నిలబడి ఇక ఆ చర్చిలో అడుగుపెట్టనని ఒక మాట. పాస్టరు కబురు ఇంకా మృదువుగా ఉంది: ఎప్పుడైనా రావచ్చు, కానీ చనిపోయినవారికి ఇక వండనని ఒక మాట. రెండు వైపులవారూ ఆమె మేలే కోరారని నేను నమ్ముతాను. ఇద్దరు తమ్ముళ్లూ వేరువేరుగా ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అడిగారు.

“ఒక మాట సెప్తే ఒక తమ్ముడు మిగుల్తాడు. రొండో మాట సెప్తే ఇంకో తమ్ముడు. ఒకడు సాలని మీకెవులు సెప్పినారు?” అంది.

ఆమె ఏ మాటా చెప్పలేదు. దిద్దుబాటు జరగనిదే లోపలి గది గడప దాటకూడదు. వెళ్లగొట్టే దాకా ఎవరూ పోలేదు; అంతకుముందే ఆమె గాదె పక్కనున్న చాప, దుప్పటి, దువ్వెన తెచ్చుకుని అరుగుమీద పెట్టుకుంది. చలికాలం రాకముందు నాన్న అరుగు చుట్టూ వెదురు తడిక కట్టి మట్టి మెత్తాడు. మెత్తుతున్నంతసేపూ అక్కతో మాట్లాడలేదు. ఆమె మట్టి పిసికి అందించింది.

ఆ తరువాత అన్ని పనులూ యథాప్రకారం జరిగాయి. పురుళ్లకు ఆమే వెళ్లింది, కాఫీ కోతకు ఆమే ముందు నడిచింది, చిన్నాన్న కూతురికి తల ఆమే దువ్వింది. మా పంటలన్నీ తిన్నది. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా వేలు గుచ్చి చూసేదాన్ని. అంకె నెమ్మదిగా, క్రమంగా పెరిగింది. ఎవరి పిల్లల ఆరోగ్యం గురించో నేను తెచ్చిన మంచి వార్తలాగే ఆమె దానిని వినేది: “మంచిదే గదా.”

ఆ ఏడు మిగిలిన కొత్తలను వెనుక తాత తమ్ముడివాళ్ల లోపలి గదిలోనే పెట్టుకున్నాం. మరుసటి సామ కొత్తకు పూజారి అనుమతితో మా అమ్మ మొదటిసారి లోపలి గదిలో పొయ్యి వెలిగించింది. ఆమెకు అలవాటు లేదు. కొత్త కుండకు సెగ ఎంత ఉండాలో తెలియక కంగారుపడింది. తడిక అవతల గోడకు వీపు ఆనించి కూర్చున్న అత్త అక్కడి నుంచే చెప్పింది. “సెగ తగ్గించు. కుండ పగుల్తాది.” కాసేపటికి, “ఇప్పుడు నీల్లు. సామకి ఎక్కువొద్దు.” ఇంకాసేపటికి, “పెద్దామెకి, మా అమ్మకి, ముందెట్టు. ఆకు కొన తూరుపుకి.” అమ్మ లోపల ఏడుస్తూనే అవన్నీ చేసింది. పొగ గోడ పైనుంచి అరుగుమీదికి వచ్చి అత్త చుట్టూ తిరిగింది.

అన్నం బయటికి రాగానే పిల్లలకు వరుసగా ఆకులు పరిచారు. అత్త లేచి వెళ్లి ఆ మొదటి వరుసలోనే కూర్చుంది. అవతలి ఇంట్లో చిన్నాన్న తలుపు వేసి ఉంది. నాన్న ఇంకా కాళ్లు కడుక్కోలేదు. “అందరూ తినలేదప్పా” అన్నాడు నాన్న, ఎటో చూస్తూ.

“తిననీ. వండింది నాను కాదు” అంది అత్త.

బేగి బేగి తిన్నది. నా ఆకు పరవకముందే లేచి, చేయి కడుక్కుని, కొడవలి తీసుకుని తోట వైపు నడిచింది.